డబ్బా మీది గంటలు

హన్మకొండ చౌరస్తాల, మెట్లెక్కి రెండో అంతస్తు,
టైలర్ మల్లేశం పక్కన మా దుకాణం.
అద్దాల బల్ల మీద రెండు లాప్‌టాపులు:
ఒకటే ధర, ఒకటే బరువు, ఒకటే బూడిద రంగు.
లోపలి ప్రాసెసరే వేరు.

"ఏది మంచిది తమ్మీ?" అన్నది స్వరూపక్క.
అందరూ అదే అడుగుతరు,
ఇద్దరు పిల్లగాండ్లను నిలవెట్టి
ఎవడు మంచోడు అన్నట్టు.

నేను అంతకు ముందురోజే పరీక్ష పెట్టిన.
యాకయ్య ఎడిటింగుకు తెచ్చిన పెండ్లి వీడియో,
నర్సంపేట బరాతు, నలభై నిమిషాలు,
రెండింటికీ ఒక్కసారే అప్పజెప్పి
గడియారం చూసుకుంట కూసున్న.

మొదటిది గుత్త కూలి.
పత్తి సాలు పట్టిందంటే తల ఎత్తదు.
ఫ్యాను ఈల వేసింది.
కీబోర్డు కింద అరచెయ్యి పెడితే
అప్పుడే దించిన పెనం.
పదకొండు నిమిషాలకు బరాతు ఇల్లు చేరింది.

రెండోది దినం కూలి.
ఇరవై ఆరు నిమిషాలు, సప్పుడు లేదు.
మల్లేశం మెడల టేపుతోని తొంగిచూసి
"బందైందా ఏంది?" అన్నడు.

అప్పుడు చార్జర్లు పీకిన.
తీగ ఊడంగనే
మొదటిదాని బలం సగం ఎటు పాయెనో!
అదే బరాతుకు ఇరవై నాలుగు నిమిషాలు.
మేస్త్రి అటు పోంగనే
గట్టు మీద కూలవడ్డ మనిషి లెక్క.
రెండోదానికి తీగ ఊడిన సంగతే తెల్వదు.
మళ్ల ఇరవై ఆరే.

సాయంత్రం నాలుగింటికి మొదటిది కండ్లు మూసింది.
రాత్రి షట్టరు దించేటప్పుడు
రెండోదాంట్ల ఇంక ముప్పై నాలుగు శాతం.

ఇదంత చెప్పిన. చీటీ మీది అంకెలు చూపిచ్చిన.
ఆమె చీటీ చూడలే.
డబ్బా తిప్పి
"పద్దెనిమిది గంటలు" అన్న అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇవి ఎక్కడ కొలిచిండ్రు?"

ఎక్కడనో. చల్లటి గదిల.
తెర వెలుగు మసక చేసి,
నెట్టు ఆపి,
ఒక్క వీడియోనే తిప్పి తిప్పి.
ఆ గదికి కిటికీ ఉన్నదో లేదో.

స్వరూపక్క తాడ్వాయి అవతల గూడేల్ల
రక్తం తక్కువున్నోళ్ల లెక్క రాస్తది.
అక్కడ ఎండ తెర మీద పడుతది.
డాంగిల్ పొద్దంత సిగ్నల్ వెతుకుతది,
వెతుకుడుకే సగం బ్యాటరీ.

"పోయినేడు ఐదో ఇంటికాడ తెర నల్లగైంది.
పిల్ల అప్పటికే వేలు సాపింది, సూది గుచ్చిన.
అంకె ఎక్కిద్దామంటే లాప్‌టాపు లేవది.
అరచేతిల రాసుకున్న.
వాగు దాటంగ అలుక్కపోయింది.
ఆరో, ఎనిమిదో.
మళ్ల పోయి మళ్లొక్కసారి అంటే
పిల్ల తలుపేసుకున్నది."

ఆరుకూ ఎనిమిదికీ నడుమ ఏమున్నదో
నాకు తెల్వదు. ఆమె మొఖంల చూసిన.

"రేపు రాత్రి రా అక్కా" అన్న.

తెల్లారి రెండోదాన్ని మేడ మీదికి తీసుకపోయిన.
నీళ్ల ట్యాంకు పక్కన, నీడ లేని కాడ,
వెలుగు నిండుగ పెట్టి, డాంగిల్ గుచ్చి,
ఆమె నింపే ఫారం లాంటిదొకటి తెరిచి
అరగంటకోసారి మెట్లెక్కి
దొంగ పేర్లు, దొంగ అంకెలు కొట్టిన.
సేటు కింద మొత్తుకున్నడు,
కొత్త మాలు ఎండవెడుతవారా, వడియాలనుకున్నవా అని.

ఏడు గంటల ఇరవై నిమిషాలు.

స్కెచ్‌పెన్నుతోని పద్దెనిమిది కొట్టేసి
పక్కన ఏడు రాసిన. ఇరవై నిమిషాలు రాయలే.
అవి నేను దాసిపెట్టిన, వాగు కోసం.

ఆమె డబ్బులు లెక్కవెట్టి ఇచ్చింది.
"డబ్బా వద్దు, సంచిల పట్టది" అన్నది.

యాకయ్య వచ్చి మొదటిదాన్ని కొనుక్కపోయిండు.
ఆయన బల్ల కాడ సాకెట్లు నాలుగున్నయ్.

డబ్బా ఇంక రాక్ మీదనే ఉన్నది.
సేటు దాని మొఖం గోడ దిక్కు తిప్పిండు.